పత్తి చేలో చిన్నోడి కథ

అన్నం తిని మళ్లీ పత్తి సాళ్లలోకి దిగారో లేదో హన్మమ్మ గొంతెత్తింది. "ఏం పిల్లా, ఆ నీలం జుట్టు పొల్ల కత్తి పట్టుకొని మిద్దె మీదికెళ్లి దునికె. తర్వాతేమాయె?"

గీత ఒక మొగ్గను బొటనవేలి గోటితో గిల్లి, పై రేకలనూ లోపలి పుప్పొడినీ ఒక్క తిప్పుతో ఊడదీసింది. మధ్యలో సన్నటి ఆడకాడ ఒక్కటే మిగిలింది. దాని పక్కన గుర్తుకు ఎర్ర కాయితం ముక్క పెట్టి, అప్పుడు తీరిగ్గా చెప్పింది. "దునికిందా, దునికి పోయి సక్కగ చిన్నోడి మీదనే పడ్డది."

చేనంతా ఒక్కసారి నవ్వింది. నవ్వుతున్నా చేతులు మాత్రం ఆగలేదు.

విత్తనాల కంపెనీకి పండించే సీడు పత్తి పని ఓపిక పని. రేపు విచ్చబోయే మొగ్గలను ఈ మధ్యాహ్నమే వెతికి ఒలవాలి. రేపు పొద్దున చేను చివరి సాళ్లలో ఉన్న మగపూలు తెంపుకొచ్చి, ఒలిచిన కాడలకు వాటి పుప్పొడి రుద్దాలి; దీన్నే క్రాసింగ్ అంటారు. ఎండ ముదిరితే కాడ వాడిపోతుంది, ఎంత రుద్దినా కాయ పట్టదు. ఒలవకుండా తప్పిపోయిన మొగ్గ తెల్లపువ్వై విచ్చి దానంతటదే కాయ కడితే ఆ గింజ కల్తీ. కల్తీ ఎక్కువైతే కంపెనీ వాళ్లు పంట మొత్తం వద్దంటారు. అయిజ చుట్టుపక్కల ఏ ఆడమనిషిని నిద్రలో లేపి అడిగినా చెప్పే సంగతి ఇది. అందుకే ఈ రోజుల్లో కూలీలను నిలుపుకోవడానికి రైతులు పడని పాట్లుండవు. ఒకరు సాయంత్రాలు మిర్చి బజ్జీలు పెడతారు, ఒకరు ట్రాక్టరెక్కించి సినిమాకు తోలుకుపోతారు. పక్క చేను యాదయ్యయితే ఈ ఏడు ఏకంగా పెద్ద కలర్ టీవీ కొని, పని దిగాక కూలీలను వాకిట్లో కూర్చోబెట్టి సినిమాలు వేస్తున్నాడు.

సుగుణమ్మ దగ్గర ఇవేవీ లేవు. ఉన్నదల్లా కూతురు గీత. వనపర్తి పాలిటెక్నిక్‌లో చదువుతూ దసరా సెలవులకు వచ్చిన ఆ పిల్ల, హాస్టల్లో స్నేహితురాలి కంప్యూటర్లో చూసిన జపాను బొమ్మల సీరియల్ని రోజుకింత చొప్పున చేలో చెప్పుకొస్తోంది. ఒక భయస్తుడైన కుర్రాడు. వాళ్ల అమ్మమ్మ ఇంట్లోకి ఎక్కడెక్కడి నుంచో ఐదుగురు ఆడపిల్లలు వచ్చి దిగుతారు. ఐదుగురికీ ఏదో ఒక శక్తి ఉంటుంది. ఐదుగురూ వాడు నావాడంటే నావాడంటారు. వారానికొక రాక్షసుడు ఊరి మీద పడతాడు. ఆడపిల్లలు వాణ్ని చితక్కొడతారు. కుర్రాడు మాత్రం ఎవరి దెబ్బకో ఎగిరిపోయి గోడకు అతుక్కుంటాడు. జపాను పేర్లు ఎవరికీ నోరు తిరగలేదు. దాంతో కుర్రాడు చిన్నోడయ్యాడు. ఆడపిల్లలు నీలం జుట్టుది, ఎర్రజుట్టుది, కండ్లద్దాలది, పొట్టిది, నిద్రమొకందీ అయ్యారు. ఒక్కొక్కరికి ఒక్కొక్కతె నచ్చింది. మనవళ్లున్న హన్మమ్మకు నిద్రమొకందంటే ప్రాణం.

"అది ఎవలేమన్నా ఇనదు, పండుకుంటది. లేసిందంటే మాత్రం కొండ పలుగుతది. నాకు గసొంటి బతుకు కావాలె" అంది హన్మమ్మ.

సుగుణమ్మ ఈ కథను ఎప్పుడూ కుదురుగా వినలేదు. మోటారు వేయడం, నీళ్లు మోయడం, ఎవరి సాలు ఎంతవరకు వచ్చిందో చూడటంతోనే ఆమెకు సరిపోయేది. నవ్వుతున్నారు, పని సాగుతోంది, అది చాలనుకుంది. ఆ రోజు నీళ్లబిందె చంకన పెట్టుకుని అశ్విని సాలు దగ్గరికి వచ్చేసరికి, కొత్తగా కాపురానికొచ్చిన ఆ పిల్ల మంచి ఊపు మీదుంది.

"ఒక్క మగపువ్వు తెచ్చి ఐదు ఆడపూలకు రుద్దుతలేమా? గా చిన్నోడి పని గూడ గంతే!"

పక్క సాళ్లవాళ్లు పొట్ట పట్టుకున్నారు. ఆ నవ్వే అశ్వినిని ఇంకో అడుగు ముందుకు తోసింది. "మన ఈరన్న మామకు ఇద్దరికే ఊపిరాడ్తలేదు, ఐదుగురితోని వీడెట్ల ఏగుతుండో!"

నవ్వు టక్కున ఆగిపోయింది. ఎవరి చేలో నిలబడి ఎవరి మొగుణ్ని అన్నదో అందరికీ ఒకేసారి గుర్తొచ్చింది. సుగుణమ్మ మొగుడు ఈరన్న అయిజలో వసంత అనే ఆమెతో వేరు కాపురం పెట్టిన సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. సుగుణమ్మ ముందు మాత్రం ఎవరూ అనరు.

సుగుణమ్మ బిందె దించింది. అశ్విని సాలు వెంట వెనక్కు నడిచి, ఆకులు ఎత్తి ఎత్తి చూసింది. వెతికితే దొరక్కుండా ఉంటుందా? ఒలవని మొగ్గ ఒకటి దొరికింది.

"ఇదేంది? దీన్ని ఒలుస్తే చెయ్యి పడిపోతుండెనా?"

"చూస్కోలేదత్తా. కనవడలే..."

"ఎట్ల కనవడ్తది? నవ్వుడు మీదున్న ధ్యాస పని మీదుంటె గద! రేపటి సంది నా చేన్లకు రాకు."

హన్మమ్మ సాలు దాటి వచ్చింది. ఆ గుంపుకు పెద్ద ఆమే. "సుగుణా, చూస్తె నా సాల్ల గూడ రెండు దొర్కుతయ్. పొల్ల నోరు జారింది, దానికి తిట్టు. మొగ్గ మీద పెట్టకు."

"నడుమ నువ్వు రాకు వదినె." సుగుణమ్మ కూతురి వైపు తిరిగింది. "నువ్వు సదువుకోనికి పోయినవా, ఐదుగురిని ఏలుకునేటోని కథలు నేర్వనికి పోయినవా? ఇంకోసారి నా చేన్ల ఆ ముచ్చట ఇనవడొద్దు."

"అమ్మా, వాడు ఎవల్నీ ఏలుకోడే..."

"నోర్ముయ్!"

ఆ తర్వాత పొద్దు గూకేదాకా అందరూ వంచిన తల ఎత్తకుండా ఒలిచారు. అన్యాయంగా అన్నానని సుగుణమ్మకు అప్పుడే తెలుసు. తెలిసినా మాట వెనక్కు తీసుకోలేకపోయింది. గట్టు దిగి పోయేటప్పుడు హన్మమ్మ ఒక్క మాట చెప్పింది. "అశ్విని రాకుంటె మేము గూడ రాము సుగుణా."

కోపంలో అన్న మాటేలే అనుకుంది సుగుణమ్మ.

మర్నాడు పొద్దున చేలో తల్లీకూతుళ్లిద్దరే మిగిలారు. అవతల యాదయ్య చేలో హన్మమ్మ ఎర్రచీర కనిపిస్తోంది. నిన్న ఒలిచిన కాడలన్నీ పక్కన ఎర్ర కాయితాలతో చేనంతా ఎదురుచూస్తున్నాయి. ఎండ ముదిరేలోగా అన్నింటికీ పుప్పొడి అందాలి. రేపు చేను చూడటానికి కంపెనీ మనిషి వస్తాడు. ఇద్దరి చేతులతో సగం కూడా తెమలదు. ఈ పంట పోతే గీత చదువు ఏమవుతుందో తలుచుకోవడానికి కూడా సుగుణమ్మకు ధైర్యం చాలలేదు.

"నువ్వు రుద్దుతుండు. నేను ఎవలన్న దొర్కుతరేమో చూసొస్త" అని ఆమె కొంగు నడుముకు చుట్టుకుని ఊళ్లోకి పరుగు తీసింది. ఇల్లిల్లూ తిరిగింది. పని చేసే చేతులు ఈ రోజుల్లో ఇళ్లలో ఎందుకుంటాయి? ముసలివాళ్లు, చంటిబిడ్డల తల్లులు తప్ప ఎవరూ లేరు. హన్మమ్మ దగ్గరికి పోవడానికి కాలు రాలేదు. పక్క తండా దాకా ఆటోలో పోయి, ఉత్త చేతులతో తిరిగొచ్చేసరికి పొద్దు బాగా పైకొచ్చింది.

గట్టెక్కి చూస్తే చేలో ఇద్దరున్నారు. గీతకు నాలుగు సాళ్ల అవతల ఎవరో ఆమె వంగి చకచకా పోతోంది. ఎడమచేతి వేళ్ల మధ్య మగపూలు, కుడిచేతిలో ఒకటి. పువ్వు కాడకు తగిలించి మెల్లగా ఒక్క చుట్టు తిప్పడం, తర్వాతి చెట్టుకు పోవడం. ఒక్క కాడ విరగడం లేదు. మొదట పనితనమే చూసి సుగుణమ్మ ప్రాణం లేచొచ్చింది. ఆ మనిషి నడుం ఎత్తాక మొహం కనిపించింది.

వసంత.

"ఈమెను ఎవలు పిలిచిండ్రు?"

"రాత్రి నేనే నాయినకు ఫోన్ జేసిన" అంది గీత, తల్లి కళ్లలోకి చూడకుండా. "రమ్మంటె నాకు శాతగాదు బిడ్డా, నా ఏళ్లు మొద్దుయి, కాడలిరుగుతయ్ అన్నడు. పక్కనే ఉన్న ఈమె ఫోన్ గుంజుకొని, యాడ చేను, ఏ గట్టు అని అడిగి, పొద్దుగాల బస్సుకే వచ్చింది."

వసంత అక్కడే నిలబడింది. వయసులో చిన్నది, మనిషి సన్నం. ఎండకు మొహం కందింది. "అక్కా, పొమ్మంటె పోత. ఇవన్ని ఎండుతుంటె చూడబుద్ధి కాలె, గంతే."

పొమ్మనడానికి సుగుణమ్మ నోరు తెరిచింది. తెరిచిన నోటితోనే చేనంతా ఒకసారి చూసింది. ఇంకా సగం మిగిలే ఉంది. అభిమానం పక్కన పెట్టి, మగసాళ్ల వైపు పోయి ఒడినిండా పూలు తెంపుకొచ్చింది. వసంతకు ఆనుకున్న సాలు వదిలేసి, దాని అవతలి సాల్లోకి దిగింది. ఇద్దరి మధ్య ఒక్క సాలు ఎడం. పూలు అయిపోయినప్పుడు వసంత చెయ్యి చాచింది, సుగుణమ్మ ఒడిలోంచి తీసి ఇచ్చింది. అట్లా ఎన్నిసార్లు ఇచ్చిందో ఆమెకే తెలియదు. కాడలు వాడిపోకముందే ముగ్గురూ చేను దాటేశారు. చివర్లో కొన్ని వాడిపోయాయి, పోతే పోయాయి.

మధ్యాహ్నం మొగ్గలు ఒలవడానికి దిగబోతుండగా వాన పట్టుకుంది. చినుకులా మొదలై కుండపోత అయింది. ముగ్గురూ తడుస్తూ ఇల్లు చేరారు. బయటి నుంచి వచ్చిన మనిషిని వానలో నిలబెట్టి తలుపేసుకునే గుణం సుగుణమ్మకు లేదు. పొడి తువ్వాల ఒకటి తెచ్చి వసంతకు అందేంత దూరంలో పెట్టి పోయింది. వసంత తల తుడుచుకుని గడప దగ్గరే కూర్చుంది.

గీతకు ఊరికే కూర్చోవడం చేతకాదు. స్నేహితురాలు ఇచ్చిన సీడీ తీసి, పక్కింట్లో అడిగి తెచ్చుకున్న సీడీ ప్లేయర్‌ను ఇంట్లోని చిన్న టీవీకి తగిలించింది. వానొచ్చినా కరెంటు పోలేదు, అదీ ఒక వింతే. "చేన్ల కదా చెప్పొద్దన్నవు. ఇంట్ల చూడొచ్చు గద" అంది తల్లితో. సుగుణమ్మ పొయ్యిలోకి ఇంకో కట్టె తోసింది.

తెర మీద నీలం జుట్టు పిల్ల ప్రత్యక్షమైంది. పెద్ద పెద్ద కళ్లు, తనకంటే పొడుగు కత్తి. మాటలు జపానువి, కింద ఇంగ్లీషు అక్షరాలు పరుగెడుతున్నాయి. గీత వాటిని చదివి ఐదుగురు ఆడపిల్లలకు ఐదు గొంతులతో తెలుగు చెప్పసాగింది. కండ్లద్దాలది మాట్లాడితే హాస్టల్ వార్డెను గొంతు, పొట్టిది మాట్లాడితే వీధిలో చేపలమ్మే ఆమె గొంతు. చిన్నోడికి మాత్రం ఎప్పుడూ ఏడుపు గొంతే.

"జుట్టుకు నీలం పూసుకున్నదేంది గా పిల్ల?" అంది వసంత మెల్లగా.

"పూసుకోలే పిన్నీ, పుట్టుకతోనే గంతే."

కూతురు పిన్నీ అని పిలవడం సుగుణమ్మ వింది. పప్పులో గరిటె ఆడించి, పొయ్యిలో కట్టె వెనక్కు లాగి, గోడకు ఆనుకుని టీవీ కనిపించేటట్టు కూర్చుంది.

కూరగిన్నె కోసం నీలం జుట్టుదీ ఎర్రజుట్టుదీ జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. ఇంతలో ఇంటి కప్పు లేచిపోయింది. పైన కొండంత రాక్షసుడు. జుట్లు వదిలేసి ఇద్దరూ వీపుకు వీపు ఆనించి నిలబడ్డారు. "నీతోని తర్వాత మాట్లాడ్త" అంది ఒకతె. "నేనేడికి పోత? ఈడ్నే ఉంట" అంది ఇంకొకతె. కత్తి ఒకరిది, నిప్పు ఒకరిది. రాక్షసుడు ముక్కలు ముక్కలయ్యాడు. ఆ ఊపులో ఎర్రజుట్టుది వెనక్కు తూలి చిన్నోడి మీద పడింది. చిన్నోడి మొహం ఎర్రబడి, ముక్కులోంచి రక్తం బోరు పడ్డట్టు పైకి చిమ్మింది.

వాడికి రక్తం ఎందుకు కారిందో గీతకు తెలుసు: ఆ బొమ్మల్లో మగాడికి కోరిక పుట్టిందని చూపించే గుర్తు అది. హాస్టల్లో ఈ చోటికి వచ్చేసరికి అమ్మాయిలు దిండ్లలో మొహాలు దాచుకునేవాళ్లు. తల్లికి అదెట్లా చెప్పడం? ఏం చెప్పాలా అని ఆమె నీళ్లు నములుతుండగా, పొయ్యి దగ్గర నుంచీ గడప దగ్గర నుంచీ ఒకేసారి మాట వచ్చింది.

"ఏడి చేసింది వానికి!"

"ఉల్లిగడ్డ దంచి వాసన చూపియ్యాలె" అంది సుగుణమ్మ.

"తల ఎనుకకు వంచొద్దు, వంచితే దగ్గుకుంట సస్తడు" అంది వసంత.

ఇద్దరూ ఆగిపోయారు. ఎవరి ముక్కు గురించి మాట్లాడుతున్నారో ఇద్దరికీ అర్థమైంది. గీత టీవీ గొంతు తగ్గించింది.

"ఆయనకు ఇంకా గట్లనే కారుతదా?" అంది సుగుణమ్మ. ఆ మనిషిని ఆమె అడిగిన మొదటి మాట అదే.

"ఎండకాలమొస్తే తువ్వాలలు కరాబే."

"భయపడ్తడా?"

"భయమా? సచ్చిపోతున్న వసంతా, సచ్చిపోతున్న అని వాడకట్టు అందర్ని లేపుతడు."

సుగుణమ్మ పెదవులు బిగబట్టింది. బిగబట్టినకొద్దీ లోపల ఏదో పొంగుకొచ్చింది. "గీత పుట్టినేడు... నా ఒడ్ల తల పెట్టి, సుగుణా, నేను పోతున్న, పట్వారీని పిలు, భూమి రాసిస్త అన్నడు. ముక్కు పట్టుకొని!"

"నాకు సైకిల్ రాసిస్త అన్నడు!" అంది వసంత.

ఇక ఇద్దరి వల్లా కాలేదు. సుగుణమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. వసంత గడప మీదే ఒరిగిపోయింది. పప్పు అడుగంటింది, వాసన వస్తున్నా ఎవరూ లేవలేదు. తల్లి అట్లా నవ్వడం గీత ఎప్పుడూ చూడలేదు. నవ్వీ నవ్వీ సుగుణమ్మ కళ్ల వెంట నీళ్లు కారాయి, అవి ఏ నీళ్లో ఆమె తేల్చుకోలేదు. ఇన్నేళ్లుగా ఆమె మనసులో అయిజలో ఒక గది ఉంది. ఆ గదిలో ఈరన్న దొరలా బతుకుతున్నాడు, తన దగ్గర దొరకనిదేదో అక్కడ దొరికింది. రోజూ ఆ గదిని తలుచుకునే ఆమె రగిలింది. తీరా చూస్తే ఆ గదిలో ఉన్నదీ అదే ముక్కు, అదే ఏడుపు. పైగా దాన్ని తుడిచే పని పాపం ఇంకొకరికి పడింది. గుండెల మీద నుంచి బండ దిగినట్టయింది.

"ఆఖరికి ఎవల్ని చేసుకుంటడే వాడు?" అని కూతుర్ని అడిగింది కళ్లు తుడుచుకుంటూ.

"ఎవల్నీ చేసుకోడమ్మా. చూసినకాడికి చేసుకోలె. పొల్లలు మాత్రం దోస్తులైతరు."

వాన వెలిసింది. బస్సుకు లేచిన వసంతకు సుగుణమ్మ మాడిన పప్పుతోనే అన్నం పెట్టింది. "మొగ్గలు ఒల్వకపోతిమి. రేపు పొద్దుగాల అన్ని తెల్లపూలై విచ్చుతయ్. కంపెనీ మనిషి వచ్చేసరికి ఒక్కటి లేకుంట తెంపెయ్యాలె" అంది, ఎటో చూస్తూ.

"రమ్మంటె వస్త."

"రా."

మర్నాడు తెల్లవారుతూనే సుగుణమ్మ అశ్విని ఇంటి ముందు నిలబడింది. వాకిలి ఊడుస్తున్న ఆ పిల్ల చీపురు పట్టుకునే బిగుసుకుపోయింది.

"అత్తా, నేను గట్ల అనకపోతుంటి..."

"నువ్వన్నది అబద్ధమా? నాకు కాలింది, నిన్ను కాల్చిన. మొగ్గ ఒక సాకు. తప్పు నాదే బిడ్డా, జర పనికి రా."

ఎదురింటి అరుగు మీద నుంచి హన్మమ్మ అంతా విన్నది. వినాలనే సుగుణమ్మ కూడా గట్టిగా అన్నది. హన్మమ్మ బెట్టు చేయకుండా ఎందుకుంటుంది? "యాదయ్య టీవీ మంచిగుంటది సుగుణా, పెద్దది."

"ఉండనియ్యి వదినె. ఏం సినిమాలు చూసిండ్రు?"

"ఏం సినిమాలు? ఒకామెను అత్త కొడ్తది, ఇంకొకామెను మొగడు ఇడుస్తడు. ఆమె ఏడుస్తది, మేము ఏడుస్తం. గా ఏడ్పు మా ఇండ్లల్ల లేదా, ఆడిదాంక పోయి చూడనికి?" హన్మమ్మ తువ్వాల దులిపి తలకు చుట్టుకుంది. "గీత చెప్పే కథల ఆడోళ్లు కొడ్తరు. వాడు పడ్తడు, మల్ల లేస్తడు. ఎవలు సావరు, ఎవలు ఏడ్వరు. అంతా కలిసి బువ్వ తింటరు. అయినా నిన్న వానల మీ ఇంట్లకెళ్లి నవ్వుడు ఈడిదాంక ఇనవడ్డది. మమ్మల్ని ఇడ్సిపెట్టి చూసిండ్రు. అది మల్ల మొదటి సంది చెప్తెనే వస్తం."

"చెప్తది. నేను గూడ ఇంట" అంది సుగుణమ్మ.

ఆ పూట చేలో తెల్లపూలు విరగబూశాయి. హన్మమ్మ గుంపు, తల్లీకూతుళ్లు, మొదటి బస్సుకు దిగిన వసంత, అందరూ సాలుకొకరు పడ్డారు. వసంతను చూసి ఆడవాళ్లు మొదట ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సుగుణమ్మే గొంతెత్తింది. "వసంతా, నువ్వు అశ్విని పక్క సాలు పట్టు. దాని కండ్లకు మొగ్గలు కనవడవు." అశ్వినే అందరికంటే ముందు నవ్వింది. కంపెనీ మనిషి వచ్చి నాలుగు సాళ్లు నడిచి, ఆకులు ఎత్తి ఎత్తి చూశాడు. "వానపడ్డా మంచిగ సాఫ్ చేసినవమ్మా" అని టోపీ సర్దుకుని పక్క చేలోకి పోయాడు. ఆ తర్వాత ఒలుపు పని మొదలైంది, గీత కథ మొదలైంది. ఆ రోజు నీలం జుట్టు పిల్ల ఎట్లా పుట్టిందీ, కత్తి ఎట్లా దొరికిందీ అంతా వసంత కోసం మళ్లీ వచ్చింది.

పొద్దు వాలుతుండగా గట్టు మీద మోపెడ్ ఆగింది. ఈరన్న. చొక్కా ఇస్త్రీ చేసి ఉంది, మొహంలో మాత్రం నెత్తురు చుక్క లేదు. ఇద్దరు భార్యలు ఒకే సాలు రెండు వైపులా వంగి నవ్వుకుంటూ వస్తుంటే చూసి, దిగాలా వద్దా తెలియక ఒక కాలు నేల మీద, ఒక కాలు బండి మీద పెట్టి నిలబడ్డాడు. చేలో కిసుక్కుమన్నారెవరో. తర్వాత ఇంకెవరో. అంతే, చేనంతా పగలబడింది. ఎందుకు నవ్వుతున్నారో అతనికి తెలియలేదు. చొక్కా గుండీలు చూసుకున్నాడు.

"వసంతా, పోదమా? బస్సుల ఎందుకని నేనే వచ్చిన" అన్నాడు.

వసంత చేతిలో మొగ్గ పూర్తిగా ఒలిచి, కాయితం పెట్టి, అప్పుడు తలెత్తింది. "నేను రాను. ఇవన్ని రేపు పొద్దుగాల రుద్దాలె. క్రాసింగ్ అయ్యేదాంక అక్క దగ్గర్నే ఉంట."

ఈరన్న సుగుణమ్మ వైపు చూశాడు. ఎప్పటిలా ఆమె మొహం తిప్పుకోలేదు. ఆమె మొహంలో కోపం కోసం అతను వెతికాడు. అది దొరికితే ఏం చేయాలో అతనికి అలవాటే. దొరకలేదు.

"మరి... నా బువ్వ?" అన్నాడు చివరికి, ఎవర్ని అడగాలో తెలియక ఇద్దరి మధ్యలో ఉన్న పత్తి చెట్టును అడిగినట్టు.

"బియ్యం డబ్బల ఉన్నయ్. పొయ్యి ముట్టించుడు వస్తది గద?" అంది వసంత.

"ఎసరు మసిలినంక పొయ్యాలె" అంది సుగుణమ్మ. "ముందే పోస్తే ముద్దయితది."

మోపెడ్ దుమ్ము లేపుకుంటూ అయిజ దారి పట్టింది. సుగుణమ్మ దాని వెనక చూడలేదు. ఇంటికి పోయి కాళ్లు కడుక్కుని పొయ్యి రాజేసింది. ఇద్దరికని గిన్నెలో బియ్యం పోసింది. బయట గీతతో మాట్లాడుతున్న వసంత గొంతు వినపడి, డబ్బాలో మళ్లీ చెయ్యి పెట్టి ఇంకొక గ్లాసు పోసింది.